శంషాబాదు మడిగెలో ఒక పగలు

2008 మార్చిలో బేగంపేట నుండి విమానములు శంషాబాదునకు తరలివచ్చిన పిమ్మట, ఆ ఊరి బెంగుళూరు బాటకు ఇరువైపుల కార్ల కిరాయిదారులును, పనివారిని సరఫరా చేయు గుత్తేదారులును కుదురుకొనగా, వారి కాగితములను ఆన్‌లైనులో నింపి, దిద్ది పెట్టు చిన్న మడిగెలును వారి వెంటనే వెలసినవి. 2024 ఆగస్టులో అట్టి మడిగె నొకదానిని చూడబోయి, పగలెల్ల అచటనే కూర్చుంటిని. క్రింద జిరాక్సు యంత్రము, మేడమీద రెండు కంప్యూటర్లు. విమానము తలపై నుండి పోయినప్పుడెల్ల కిటికీ అద్దము సన్నగా అదరుచుండెను.

శుభ్రత పనివారిని పంపు గుత్తేదారు ఒకడు, ట్యాన్ అడుగగా పాన్ కార్డు తీసి యిచ్చెను. "అన్నా, ఇది నీది. పన్ను కోసి కట్టేటోనికి వేరే నంబరుండాలె" అని మడిగె నడుపు అమ్మ పాత కాగితము వెనుక వ్రాసి చూపెను: ముందు హెచ్, వై, డి, అనగా హైదరాబాదు, నాలుగవది యజమాని పేరులోని మొదటి అక్షరము, పిదప ఐదంకెలు, తుదనొక అక్షరము. పాన్‌కును పది గుర్తులే గాని, అందు అక్షరము లైదు, అంకెలు నాలుగు, మరల నొక అక్షరము. జీఎస్టీ సంఖ్యయో, తెలంగాణ గుర్తగు 36తో మొదలై, పాన్‌ను తన కడుపులోనే మోయుచుండును. అమెరికా నుండి కుమారుడు పంపిన, జీతమును కోసిన పన్నును తెలుపు డబ్ల్యూ-2 కాగితమును తెచ్చిన పెద్దాయన కొకరికి, అందలి రెండంకెలు, గీత, ఏడంకెలు గల ఈఐఎన్ అను పన్ను గుర్తింపు సంఖ్య కుమారునిది కాదనియు, కొలువిచ్చిన కంపెనీదనియు ఆమె అంతే ఓపికగా చెప్పెను.

మధ్యాహ్నము వచ్చిన కారు యజమాని మాట నన్ను కలచివేసినది. అతడు తన కారును ఒక కంపెనీకి కిరాయికిచ్చెను. ఏడాది కిరాయి 4,80,000 రూపాయలపై నూటికొకటి చొప్పున 4,800 రూపాయలు పన్నుగా కోసుకొనిరి. ఆ సొమ్ము పన్ను జమలను చూపు 26ఏఎస్‌లో అతని పేర కానరాలేదు. పాన్‌లో యు ఉండవలసినచోట కంపెనీవారు వి కొట్టిరి.

"అక్కా, గీ పీడీఎఫ్‌ల ఒక్క అక్షరం మార్చియ్యరాదు? బ్యాంకోళ్ళు లోనుకు అడుగుతున్నరు" అని అతడు పన్ను కోతకు కంపెనీ యిచ్చిన 16ఎ పత్రమును ముందుంచెను. మార్చుట నిమిషము పని. ఆమె మౌసు ముట్టలేదు. "కాయితం మీద మారుతది తమ్మీ, సర్కారు పద్దుల మారదు. బ్యాంకోడు సరిచూస్తే నువ్వే దొంగవైతవు" అనెను. ఇట్టి పత్రములను దిద్ది యిచ్చి రూపాయలు గడించు సులభమార్గము కన్నులయెదుట నుండగా దానిని కాదనిన ఆ స్త్రీ యందు నాకు గౌరవము కలిగినది. పనివాని చేతినుండి కోసిన రూపాయి వాని పద్దునకే చేరవలెనను న్యాయము, శాసనములో కంటె అట్టి వారి పట్టుదలలోనే నిలిచియున్నదని నేను నమ్ముదును.

ఆ తప్పును దిద్దవలసినది ట్యాన్ గల కంపెనీయే. దిద్దుబాటు రిటర్ను వేయుడని ఆమె వారికి ఉత్తరము కూర్చెను. పత్రముపైని కంపెనీ ట్యాన్, త్రైమాసికము, పడిన తప్పు పాన్ వరుసగా చేర్చెను. పంపుటకు ముందు అతనిని కార్డు పట్టుకొమ్మని, సరియైన పాన్ చదువుమనెను. అతడు ఒక్కొక్క గుర్తుపై వ్రేలుంచి, యు వద్ద ఆగి, రెండుమార్లు పలికెను.