ఆరంగుళాల యుద్ధవిమానం

పిల్లలూ, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌కు వాయవ్యంగా టెల్ఫర్డ్ అనే పట్టణం ఉన్నది. ప్రపంచంలో పోత ఇనుముతో కట్టిన మొదటి పెద్ద వంతెన ఆ పక్కనే. దాన్ని 1779లో నిలబెట్టారు. అయితే నవంబరులో ఒక పెద్ద శాలలో మూగే జనం వచ్చేది చిన్న చిన్న విమానాల కోసం. 1963లో బ్రిటనులో పుట్టిన నమూనాకారుల సంఘం అక్కడ పోటీ పెడుతుంది.

ఈ విమానాలు ఎగరవు. ఎక్కువగా వాడే లెక్క 72వ వంతు, అంటే ఆరడుగులకు ఒక అంగుళం. స్పిట్‌ఫైర్ అనే యుద్ధవిమానం రెక్కలు ఆ కొననుంచి ఈ కొనకు దాదాపు 37 అడుగులు. నమూనాలో అవి ఆరంగుళాలు దాటి ఏ కొంచెమో!

రంగుల తళుకు చూసి బహుమతి ఇస్తారనుకున్నారా? న్యాయనిర్ణేతలు ముందు చూసేది అతుకులు. ప్లాస్టిక్ ముక్కలను జిగురుతో అంటించి, ఆరిన తరువాత గరుకుకాగితంతో రుద్ది, అతుకు జాడ లేకుండా చేయాలి. ఒక్క మిల్లీమీటరు సందు మిగిలిందనుకోండి. 72తో హెచ్చవేయండి: 7.2 సెంటీమీటర్లు! అసలు విమానానికి మీ చెయ్యి దూరేటంత బీట ఉంటే అందులో ఎవరైనా ఎక్కుతారా?

తరువాత ఎదుటినుంచి వంగి చూస్తారు. రెక్కలు రెండూ ఒకే వాలులో ఉన్నవా? చక్రాలన్నీ నేలను తాకుతున్నవా? అంటించిన గుర్తుల కింద గాలి చిక్కితే వెండిపొరలా మెరిసి గుట్టు బయటపెడుతుంది.

కాస్ఫర్డ్ విమాన ప్రదర్శనశాల అక్కడికి కొద్ది మైళ్ళే. అనుమానం ఉన్నవాళ్ళు వెళ్ళి, అసలు విమానాల చక్రాలు ఎలా నిలుస్తాయో కళ్ళారా చూసుకోవచ్చును.