మజాక్‌కే సార్!

తెలుగు డిటెక్టివ్‌కు శవం కనబడితే తప్ప కాలు కదలదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, ఆయన వెంట ఉండే రాజు ఎన్ని హత్యల లెక్క తేల్చారో! మధుబాబు షాడోకైతే దేశాల హద్దులే చాలలేదు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్ర అంతటివారు కూడా సరదాపడి ‘ఆనకట్ట మీద హత్య’ రాశారు. ఆనకట్ట దాకా వచ్చిన హంతకుడు, నేను చదివినంతలో, హైస్కూలు గేటు దాటి లోపలికి మాత్రం రాలేదు. చెప్పులో తుమ్మముల్లు పెట్టిందెవరు? సైకిల్ గాలి తీసిందెవరు? కొత్తగా చేరిన పిల్ల పేరు పక్కన బోర్డు మీద ఆ మాట రాసిందెవరు? అన్నీ తేలని కేసులే. ఫైలు మూసేది పీఈటీ సారు: “పోరగాళ్లు అన్నంక గట్లనే ఉంటరు తియ్!”

పిల్లలతో నవ్వించడం మనకు కొత్త కాదు. ముళ్లపూడి వెంకటరమణ బుడుగు పెద్దవాళ్లను పట్టుకుని ఆడించాడు. నామిని చిత్తూరు పిలకాయలు నవ్వించి నవ్వించి, ఉన్నట్టుండి గొంతు పట్టేసేలా చేస్తారు. కానీ పిల్లలే సాటి పిల్లను పథకం వేసి, రోజూ, నవ్వుతూ ఏడిపించే సంగతి మీద గట్టి నవల ఏదీ నా చేతికి అందలేదు. ఇందూరులోనైతే, అంటే మా నిజామాబాద్‌లో, ఇది మరీ వింత. ఇక్కడి జైల్లో దాశరథితో పాటు ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు ఇచ్చిపోయారు. ‘బడి లోపల’ రాసేవాళ్లు ఇంకా రావలసే ఉంది. జైలుకు పోయినవాళ్ల కన్నా బడికి పోయినవాళ్లే ఎక్కువ కదా!

అందుకని ఆ నవల ఎట్లా ఉండాలో నేనే ఊహిస్తున్నాను. మామూలు రచయిత జిల్లాలో దిగీ దిగగానే బోధన్‌కు పోతాడు. శక్కర్‌నగర్‌లో నిజాం కాలపు చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. శవాన్ని దాచడానికి అంతకన్నా సదుపాయం ఎక్కడ దొరుకుతుంది? కాకపోతే అక్కడ పోయింది ఫ్యాక్టరీయే. ఆ కేసు పెద్దవాళ్లకు వదిలేద్దాం, వాళ్లు కమిటీలు వేసుకుంటున్నారు. నా కథ సిరికొండలో. నిజామాబాద్‌లో బస్సెక్కితే ధర్పల్లి దాటాక వచ్చే మండల కేంద్రం. మక్క, పసుపు, వరి, వెనక గుట్టలు. ఎవరింటికి చుట్టాలొస్తున్నారో వాళ్లు బస్సు దిగకముందే తెలిసిపోయే ఊరు. ఏదీ దాగని చోట మిస్టరీ నవల పెట్టడంలోనే సగం నవ్వుంది.

కేసు ఇది. తొమ్మిదో తరగతి పిల్ల పుస్తకంలో రోజుకో చీటీ ప్రత్యక్షమవుతుంది. మొదటి దాంట్లో ఒకటే మాట: “మీ నాయిన దుబాయ్‌ల పనిజేస్తలేడు, జైల్ల ఉన్నడు.” డిటెక్టివ్ పక్క బెంచీ పిల్ల. ఆమె ఆయుధమల్లా వాళ్లమ్మ బీడీల చాటలోంచి ఎత్తుకొచ్చిన కత్తెర. చీటీ అంచున పసుపు మరక కనబడుతుంది. దొంగ దొరికినట్టే అనుకుంటాం. దొరకడు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఇందూరు జిల్లాలో పసుపు మరక క్లూ కాదు, క్యాలెండరు. రెండో చీటీకి జర్దా వాసన. సగం క్లాసు అమ్మలు బీడీలు చేసేవాళ్లే, ఆ వాసన నోటుబుక్కులకూ పడుతుంది. మూడో చీటీకి సెంటు వాసన, గల్ఫ్ సూట్‌కేసుల్లో వచ్చే ఘాటు రకం. అది లేని ఇల్లు వెతకడమే కష్టం. రాసినవాళ్లు ఎడమచేత్తో రాశారని డిటెక్టివ్ తేలుస్తుంది. ఆ మాట పొక్కి, మరునాడు క్లాసంతా ఎడమచేత్తో రాసి చూసుకుంటూ కూర్చుంటుంది.

గుర్తులన్నీ అందరి వైపూ చూపించడమే ఇందులో తమాషా. ఆ గుర్తులు వచ్చిన ఇళ్లలోంచే చీటీలోని దెబ్బా వచ్చింది. గల్ఫ్‌కు పోయిన తండ్రి దగ్గర్నుంచి ఫోను రాని వారం ఇంట్లో ఎట్లా గడుస్తుందో చీటీ రాసినవాడికి బాగా తెలుసు. వాడింట్లోనూ అట్లాంటి వారాలున్నాయి. బయటివాడికి అంత గురి కుదరదు. కంపెనీ జీతాలిస్తలేదట, వీసా అయిపోయిందట, ఎవరినో పట్టుకున్నరట అని అరుగుల మీద పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకున్నదే పిల్లలు పుస్తకాల సంచిలో వేసుకొస్తారు.

పట్టుబడితే? “మజాక్‌కు అన్నం సార్.” ఎంత ఫీజిచ్చి పెట్టుకున్న వకీలైనా ఇంత సుళువుగా విడిపించలేడు. పైగా తప్పు ఏడ్చిన పిల్లదవుతుంది: మజాక్ తెల్వని మనిషి! అందుకే ఈ నవల నవ్విస్తూనే నడవాలంటాను. బడిలో క్రూరత్వం కోరలతో రాదు, ఇకిలిస్తూ వస్తుంది. ఏడుపు నవల రాస్తే పాఠకుడు మొదటి పేజీలోనే బాధపడే పిల్ల పక్కన చేరి, తానెంత మంచివాడో అనుకుంటూ హాయిగా కూర్చుంటాడు. అట్లా కూర్చోనివ్వకూడదు. నాలుగో చీటీలో నిజంగా మంచి జోకు ఉండాలి. పాఠకుడూ కిసుక్కుమనాలి. అప్పుడు పట్టుకోవాలి.

అగాథా క్రిస్టీ 1934లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ బోగీలో అందరి చేతా కత్తి పట్టించింది. (చదవనివాళ్లు క్షమించాలి, తొంభై ఏళ్ల గడువు ఇచ్చాం.) అక్కడ అందరినీ కలిపిన పగ ఒకటుంది. మన క్లాసులో ఎవరికీ పగ లేదు. ఒకడు రాశాడు, ఒకతె పెన్ను ఇచ్చింది, ఇద్దరు అందించారు, మిగతావాళ్లు నవ్వారు. మొదటి రోజు డిటెక్టివ్ కూడా నవ్వింది. ఆ సంగతి ఆమె చివరి దాకా మనకు చెప్పదు. నేను రాస్తే నవలలో అసలు రహస్యం అదే.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది, దాని బోర్డులు కాలేజీల్లో కనబడతాయి. పిల్లల్ని కొట్టొద్దు, మానసికంగా వేధించొద్దు అని 2009 నాటి విద్యాహక్కు చట్టం అంటుంది, అది సార్లకు చెప్పిన మాటగానే చలామణి అవుతోంది. బెంచీకీ బెంచీకీ మధ్య జరిగేదానికి మిగిలింది క్లాస్ లీడరు. వాడేమో చీటీ అందించిన ఇద్దరిలో ఒకడు.

ముగింపు దగ్గరే నాకు చిక్కు. యుగంధర్ అయితే నేరస్థుణ్ణి పోలీసుల చేతికిచ్చి ఇంటికి పోతాడు. మా పిల్ల ప్రేయర్‌లో ముందుకొచ్చి పేర్లు చదవడం మొదలుపెడుతుంది, తన పేరుతోనే. మూడో పేరు దగ్గర హెడ్మాస్టరు ఆపేస్తారు. పదో తరగతి రిజల్టు మీద మనసు పెట్టాల్సిన బడిలో ఈ పంచాయితీ ఏంది? చివరికి శిక్ష ఒక్కరికే పడుతుంది. స్టడీ అవర్ ఎగ్గొట్టి చీటీలు వెతుక్కుంటూ తిరిగినందుకు డిటెక్టివ్‌కు వంద గుంజీళ్లు. లెక్కపెట్టే పని చీటీలు అందుకున్న పిల్లకు అప్పజెబుతారు. ఆ పిల్ల గట్టిగా లెక్కపెడుతుంది: రెండు, నాలుగు, ఆరు...