తూకానికి పోని బస్సులు

నిజామాబాద్



ఈసారి చెరుకు బండ్ల గురించి రాస్తానని మాటిచ్చాను. తప్పాను, మన్నించండి. రాద్దామని కూర్చున్న రోజే ఫోన్‌లో ఒక ఫొటో వచ్చి పడింది. మా మేనకోడలు కాలిఫోర్నియాలో డేవిస్ అనే ఊళ్లో వ్యవసాయం చదువుతోంది. ఆమె పంపిన ఆ ఫొటోలో, కాలేజీ చెట్ల మధ్య నుంచి ఎర్రటి డబుల్ డెక్కర్ ఒకటి వస్తోంది. కింద ఆమె రాసింది: "మామా, నువ్వు ఎప్పుడూ చెప్పే 7జెడ్ బస్సుకు అన్న ఇక్కడున్నాడు!"

అన్న కాదు, తాత. అది లండన్ బస్సు. ఆర్‌టీ అనే రకం, 1954 తర్వాత తయారు కాలేదు. డేవిస్ విద్యార్థులు 1968లో యూనిట్రాన్స్ పేరుతో సొంతంగా బస్సులు నడుపుకోవాలనుకున్నప్పుడు, లండన్‌లో పని అయిపోయిన ఇలాంటివి రెండు కొనుక్కుని మొదలుపెట్టారు. ఇవాళ వాళ్లకు కొత్త బస్సులు చాలా ఉన్నాయి. అయినా పాతవాటిని వదల్లేదు. ఒకదానికి ఇంజను మార్చి సీఎన్‌జీ మీద నడుపుతున్నారు. డ్రైవర్లు కూడా విద్యార్థులే. పొద్దున క్లాసు, మధ్యాహ్నం స్టీరింగు. మన ఊళ్లో డిగ్రీ పిల్లవాడు ఆర్టీసీ బస్సు నడుపుతానంటే డిపో మేనేజర్ ముఖం ఎలా ఉంటుందో ఊహించి నవ్వుకున్నాను.

అక్కడితో ఆగక, రిటైరైన లండన్ బస్సులు ఎక్కడెక్కడికి పోయాయో వెతకడం మొదలుపెట్టాను. వారం గడిచింది. చెరుకు బండ్లు అక్కడే ఆగాయి.

యుద్ధం తర్వాత లండన్ వాళ్లు ఆర్‌టీ బస్సులను వేలల్లో చేయించుకున్నారు. తీరా చూస్తే జనం సొంత కార్లు కొనుక్కున్నారు, సాయంత్రాలు టీవీ ముందు కూర్చున్నారు. బస్సెక్కేవాళ్లు తగ్గిపోయారు. ఇంకా ఏళ్లకేళ్లు తిరగగల బండ్లు మిగిలిపోయాయి. సిలోన్ రవాణా బోర్డు వాటిని వందల్లో కొనుక్కుపోయింది. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తారు కాబట్టి ఓడ దిగిన బస్సు దిగినట్టే పనిలోకి పోయింది. అమెరికా, కెనడాలకు వెళ్లినవాటికి తిప్పలు. అక్కడ కుడివైపు నడవాలి. బస్సు ఆపితే తలుపు నడిరోడ్డు మీదికి తెరుచుకుంటుంది. అవతలి పక్క కొత్త తలుపు కోయాలి, లేదంటే మాటిమాటికీ ఎక్కిదిగే పని లేని కొలువు చూడాలి. అందుకేనేమో వాటిలో చాలావాటికి నయాగరా దగ్గర, న్యూయార్క్‌లో ఊరు చూపించే పని దొరికింది.

ఈ వెతుకులాటలో నాకు బాగా నచ్చినవి మన దేశం మీదుగా పోయిన ఇంగ్లండ్ బస్సులు. 1973లో గ్రాహం టర్నర్ అనే ఆస్ట్రేలియా యువకుడు, అతని స్నేహితులు కలిసి ఒక పాత లోడెక్క బస్సు కొన్నారు. మామూలు డబుల్ డెక్కర్ కన్నా కాస్త పొట్టి రకం అది. పైన పడకలు, కింద వంటిల్లు. టాప్ డెక్ అని పేరు పెట్టి కుర్రకారును అందులో ఎక్కించుకున్నారు. ఇలాంటి బస్సులు లండన్‌లో బయల్దేరి తుర్కియే, ఇరాన్, అఫ్గానిస్తాన్ దాటి, అమృత్‌సర్, ఢిల్లీల మీదుగా కాఠ్మాండూ చేరేవి. ఇంగ్లండ్‌లో ఏదో జిల్లాలో పాలకేంద్రానికీ సంతకూ మధ్య తిరిగి ముసలిదైన బస్సు ఖైబర్ కనుమ ఎక్కిందన్నమాట! 1979లో ఇరాన్‌లో విప్లవం, అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు. ఆ దారి మూతపడింది.

ఆర్‌టీ తర్వాత వచ్చిన రూట్‌మాస్టర్ కథ మీకు తెలిసే ఉంటుంది. 2,876 బస్సులు చేశారు. 1956 నుంచి 2005 డిసెంబరు దాకా లండన్‌లో రోజువారీ పని చేశాయి. విరమణ తర్వాత పెళ్లిళ్లకు అద్దె బండ్లయ్యాయి, కాఫీ హోటళ్లయ్యాయి. సింగపూర్‌లోనైతే బస్సు పదిహేడేళ్లకు రోడ్డు దిగిపోవాలి. అలా దిగిన ఇరవై బస్సులతో 2023 డిసెంబరులో చాంగీ దగ్గర ఒక హోటలే తెరిచారు. డ్రైవరు సీటు, స్టీరింగు పక్కనే మంచం. నేనైతే అందులో నిద్రపోలేను. స్టాపు దాటిపోతుందేమోనని రాత్రంతా మెలకువగానే ఉంటాను.

ఇక మన 7జెడ్, హైదరాబాద్ డబుల్ డెక్కర్. సికింద్రాబాద్ నుంచి జూపార్కు దాకా, ట్యాంక్‌బండ్ మీదుగా. చిన్నప్పుడు ఇక్కడి నుంచి మీటర్‌గేజ్ రైల్లో నాయనతో సికింద్రాబాద్‌లో దిగితే, స్టేషన్ బయట నాకు కావలసింది ఒకటే: పై అంతస్తులో ముందు సీటు. నాయన మోకాళ్ల నొప్పులతో కిందే ఉండిపోయేవాడు. నా టికెట్ పై కండక్టర్ దగ్గర, ఆయన టికెట్ కింది కండక్టర్ దగ్గర. చెట్ల కొమ్మలు కిటికీలను గీకుతుంటే చేతులు లోపలికి లాక్కునేవాళ్లం. ట్యాంక్‌బండ్ మీదికి రాగానే రోడ్డు కనబడకుండా పోయేది, అంతా హుస్సేన్‌సాగర్ నీళ్లే. పడవ మీద పోతున్నట్టు. 2000 దశకం మొదట్లో ఆ బస్సులు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి.

మన బస్సులకు ఆ తాత భోగం ఎందుకు దక్కలేదని మొదట కోపం వచ్చింది. తర్వాత బోధన్ పోతూ కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తుంటే వేరే సంగతి తట్టింది. చెరుకు ఎలా ఆడతారో మీకు చెప్పక్కర్లేదు. మొదటి రోలర్ల మధ్య ఒకసారి, తర్వాతి వాటిలో మళ్లీ, నీళ్లు చల్లి ఇంకోసారి. చివరికి మిగిలిన పిప్పిని బాయిలర్‌లో వేసి ఆ మంటతోనే మిల్లు తిప్పుతారు. మన ఆర్టీసీ బస్సు బతుకు కూడా అంతే. ఎక్స్‌ప్రెస్‌గా పుడుతుంది. లక్షల కిలోమీటర్లు తిరిగాక రంగు మార్చుకుని పల్లె వెలుగవుతుంది. 2020లో కార్గో సర్వీసు మొదలైనప్పుడు సీట్లు పీకేసిన పాత బస్సులే పార్సిళ్లు మోశాయి. ఆఖరుకు పనికొచ్చే సామాన్లు వర్క్‌షాపులో విప్పుకుని, మిగిలిన డొక్కును వేలంలో తుక్కు కింద అమ్మేస్తారు. లండన్ వాడు రసం ఉండగానే గడను వదిలేశాడు, ఎవరో తీసుకుని నమిలారు. మనం పిప్పి దాకా పిండుకున్నాం. బీద సంసారంలో అదేమీ తప్పు కాదు.

ఒక్కటి మాత్రం మింగుడు పడదు. 1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టారు. అప్పటి అల్బియన్ బస్సును ఆర్టీసీ ఇప్పటిదాకా భద్రంగా దాచుకుంది. ఆ తెలివి ఉన్నవాళ్లకు, పై సీటు కోసం పిల్లలు కొట్టుకున్న బస్సును ఒకదాన్ని దాని పక్కనే నిలబెట్టి, రోజూ పైకెక్కనివ్వడం పెద్ద పనా?

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌కు డబుల్ డెక్కర్లు మళ్లీ వచ్చాయి. మూడు ఎలక్ట్రిక్ బస్సులు, ఒక్కోటీ రెండు కోట్ల పైమాటే. అబిడ్స్ బడికి పోతూ పాత డబుల్ డెక్కర్లను తరచూ చూసేవాణ్నని అప్పటి మంత్రి కేటీఆర్ అంతకు రెండేళ్ల ముందు గుర్తు చేసుకున్నారు, దాంతో కదలిక వచ్చింది. సంతోషమే. కానీ అవి హుస్సేన్‌సాగర్ చుట్టూ సందర్శకులను తిప్పడానికి కుదురుకున్నాయి. 2025లో విశాఖ బీచ్ రోడ్డుకు వచ్చినవీ ఆ కోవవే. లండన్ బస్సు ఏళ్ల తరబడి జనాన్ని ఆఫీసులకు మోసి, ఆ తర్వాత ఊరు చూపించే పనికి వెళ్లింది. మనది పుట్టీ పుట్టగానే రిటైరైంది.

బోధన్ మాట వచ్చింది కాబట్టి అదీ అనేస్తాను. 1937 నాటి నిజాం షుగర్స్, అక్కడి పేటకు శక్కర్‌నగర్ అనే పేరు తెచ్చిపెట్టిన మిల్లు, 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి మూతబడింది. ఆ తర్వాత దాన్ని పూర్తిగా పిండుకోనూ లేదు, మరొకరికి పనికి ఇవ్వనూ లేదు. తెరిపిస్తామన్న మాటలు ఇప్పటికీ వింటున్నాం. ఆ గోడ పక్కన బస్సు పోతుంటే నేను అటు చూడను.

ఎడపల్లి దాటాక ఒక టీ కొట్టు ఉంది. బెంచీ బదులు ఆర్టీసీ సీటు వేశాడాయన, ఇద్దరు కూర్చునేది. రెక్సిన్ చిరిగి కొబ్బరి పీచు బయటికొచ్చింది, నంబరు మాత్రం చెరగలేదు. తుక్కు దుకాణంలో తూకానికి కొన్నానన్నాడు. మొన్న అక్కడే కూర్చుని టీ తాగుతూ ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీలో ఎవరి దగ్గరైనా 7జెడ్ టికెట్టు గానీ, ఆ బస్సు ముందు దిగిన ఫొటో గానీ, దాన్ని నడిపిన తండ్రి గానీ ఉంటే నాకు రాయండి. డ్రైవర్లూ, కండక్టర్లూ ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలు వచ్చే ఉత్తరంలో వేస్తాను. చెరుకు బండ్లు ఆ తర్వాత, ఈసారి ఒట్టు.

మీ
ఉత్తరాల మనిషి