రికార్డుకెక్కని గాయాలు

యుద్ధంలో సైనికునికి తగిలిన గాయానికి రెండు సాక్ష్యాలుంటాయి. ఒకటి అతని శరీరం. రెండోది ప్రభుత్వం దగ్గర అతని పేరిట ఉన్న కాగితం. మొదటి సాక్ష్యం ప్రాణం ఉన్నంతవరకే. రెండోది మనిషి పోయిన తరువాత కూడా మాట్లాడుతుంది. అయితే ఎవరో ఒకరు రాసిపెట్టిన మేరకే అది మాట్లాడగలదు. రాయవలసినవాడు ఒక్క పంక్తి రాయకుండా వదిలేస్తే, ఆ పంక్తిని తిరిగి చేర్చడానికి ఒక్కొక్కసారి దాదాపు నూరేళ్లు పడుతుంది. హెన్రీ జాన్సన్ కథ అటువంటిది.

అతని పూర్తి పేరు విలియం హెన్రీ జాన్సన్. అమెరికాలోని ఉత్తర కెరొలినా రాష్ట్రంలో, విన్‌స్టన్ సేలం పట్టణంలో పుట్టిన నల్లజాతి యువకుడు. బతుకుతెరువు వెతుక్కుంటూ న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీకి వచ్చి, రైల్వేస్టేషనులో ప్రయాణికుల సామాన్లు మోసేవాడు. 1917 జూన్ నెలలో సైన్యంలో చేరాడు. అతడు చేరిన న్యూయార్క్ దళంలోని సైనికులందరూ నల్లవారే. తరువాత అదే 369వ పదాతి రెజిమెంటు అయింది. తెల్లవారి పక్కన నిలబడి నల్లవారు పోరాడటం అప్పటి అమెరికా సైన్యానికి ఇష్టం లేదు. అందుకని ఫ్రాన్సు చేరిన ఆ దళానికి మొదట కూలిపనులు అప్పగించారు. ఆ తరువాత ఏకంగా ఫ్రెంచి సైన్యం కిందికి పంపించారు. అమెరికా సైనికుడు ఫ్రెంచి తుపాకి పట్టుకుని, ఫ్రెంచి అధికారుల ఆజ్ఞల మేరకు పోరాడవలసి వచ్చింది. ఈ ఏర్పాటు వల్లనే అతని కథ రెండు దేశాల కాగితాలలో రెండు రకాలుగా నమోదైంది.

1918 మే 15 తెల్లవారకముందు, ఆర్గాన్ అడవి ప్రాంతంలో జాన్సన్, అతని సహచరుడు నీధమ్ రాబర్ట్స్ కాపలా కాస్తున్నారు. కనీసం పన్నెండు మంది జర్మను సైనికులు వారి మీద పడ్డారు. రాబర్ట్స్ తీవ్రంగా గాయపడ్డాడు. జాన్సన్‌కూ గాయాలు తగిలాయి. చేతిలో ఉన్న గ్రెనేడులు విసిరాడు. తుపాకి పేల్చాడు. అది పనిచెయ్యకపోతే దాని మడమతోనే కొట్టాడు. శత్రువులు రాబర్ట్స్‌ను బందీగా లాక్కుపోబోతుంటే, నడుముకున్న పెద్ద కత్తి దూసి వారి మీదికి ఉరికాడు. అదనపు బలగం వచ్చేవరకు ఆ పోరు సాగింది. తెల్లవారేసరికి జాన్సన్ ఒంటిమీద ఇరవైఒక్క గాయాలున్నాయి.

ఫ్రాన్సు ఆలస్యం చెయ్యలేదు. తన శౌర్య పతకమైన క్వా ద గెర్‌ను బంగారు తాటాకు చిహ్నంతో సహా అతనికిచ్చింది. ఆ పతకం పొందిన తొలి అమెరికన్ సైనికులలో జాన్సన్, రాబర్ట్స్ ఉన్నారు. 1919 ఫిబ్రవరిలో రెజిమెంటు న్యూయార్క్ నగరానికి తిరిగివచ్చినప్పుడు, ఫిఫ్త్ ఎవెన్యూ పొడుగునా జనం బారులు తీరి స్వాగతం పలికారు. సైన్యంలో కొత్తవారిని చేర్చుకోవడానికీ, యుద్ధపు పొదుపు స్టాంపులు అమ్మడానికీ ప్రభుత్వం జాన్సన్ బొమ్మనే వాడుకుంది. అతని బొమ్మ ఊరూరా గోడల మీదికెక్కింది. అతని గాయాలు మాత్రం విడుదల పత్రంలోకి ఎక్కలేదు.

సైన్యం నుంచి బయటికి వచ్చేవాడి చేతికి ఇచ్చే ఆ పత్రమే అతని బతుక్కి ఆధారం. ఎక్కడ పనిచేశాడు, ఏ పోరులో ఉన్నాడు, ఏ దెబ్బ తగిలింది, ఏ పతకం వచ్చింది అన్నవన్నీ అందులో ఉండాలి. ఉద్యోగమిచ్చేవాడు చూసేది దాన్నే. సహాయం అడిగితే ప్రభుత్వం చూసేదీ దాన్నే. జాన్సన్ పత్రంలో గాయాల మాటే లేదు. ఆ గాయాలతో అతడు మునుపటిలా సామాన్లు మోయలేకపోయాడు. సొంత దేశం నుంచి ఒక్క శౌర్య పతకమైనా అందకుండానే 1929 జూలైలో కన్నుమూశాడు.

ఇక్కడ రెండు సంగతులను వేరుచేసి చూడాలి. పతకం ఇచ్చి, దాన్ని కాగితంలో రాయడం మరిచిపోవడం ఒకటి. అసలు పతకమే ఇవ్వకపోవడం రెండోది. మొదటిది గుమాస్తా తప్పు, రెండోది తీర్పులో జరిగిన తప్పు. మొదటిదాన్ని సరిచెయ్యడం కొంత తేలిక. 1950 నుంచి అమెరికా సైనికునికి ఇస్తున్న విడుదల పత్రాన్ని డీడీ 214 అంటారు. పతకం ఇచ్చినట్లు ఉత్తర్వు ఉండి, అది ఆ పత్రంలో లేకపోతే, డీడీ 215 అనే సవరణ పత్రం ఇస్తారు. పాత పత్రాన్ని చెరిపెయ్యరు. దాని పక్కనే కొత్త పత్రం చేరుతుంది. తప్పు, దాని దిద్దుబాటు రెండూ కనబడుతూనే ఉంటాయి.

అంతకన్నా పెద్ద తప్పులకు సవరణ బోర్డులున్నాయి. ఒకప్పుడు ఒక సైనికుని రికార్డు సరిచెయ్యాలంటే, అతని ఒక్కడి కోసం అమెరికా కాంగ్రెసు ప్రత్యేకంగా బిల్లు పెట్టవలసి వచ్చేది. 1946లో ఆ పద్ధతి మానేసి ఈ బోర్డులకు చట్టం చేశారు. తప్పు తెలిసిన మూడేళ్లలోగా దరఖాస్తు పెట్టుకోవాలని నియమం. న్యాయం కోసం అవసరమనుకుంటే బోర్డు ఆ గడువును సడలించవచ్చు. అయితే సైన్యం రాసినది సరైనదేనన్న నమ్మకంతోనే విచారణ మొదలవుతుంది. అది తప్పని రుజువు చేసే బరువు అడిగినవాడి మీదే ఉంటుంది.

ఆ రుజువులే కాలిపోతే? 1973 జూలై 12న, సెయింట్ లూయిస్ నగరం దగ్గర సైనిక రికార్డులు దాచిన భవనంలో ఆరో అంతస్తు అంటుకుంది. కాగితాలున్న చోట నీళ్లు చిమ్మే ఏర్పాటు లేదు. నిప్పు పూర్తిగా ఆరడానికి నాలుగు రోజులకు పైగా పట్టింది. దాదాపు 160 లక్షల నుంచి 180 లక్షల దస్తావేజులు నాశనమయ్యాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 మధ్య సైన్యం నుంచి విడుదలైనవారి కాగితాలలో వందకు ఎనభై వంతులు పోయాయి. వాటికి నకళ్లు లేవు. తడిసినవాటిని ఒక విమాన తయారీ సంస్థ నిర్వాత గదిలో పెట్టి ఆరబెట్టారు. పోయినవాటిని తిరిగి కూర్చడానికి అధికారులు ఇతర కాగితాలు వెతకసాగారు. జీతాల రసీదులు, దళంలో ఏ పూటకాపూట రాసిన హాజరు నివేదికలు, ఆసుపత్రి చీటీలు అందుకు పనికివచ్చాయి. ఒక నాటి ఉదయం ఏ గుమాస్తానో "ఫలానావాడు గాయపడి ఆసుపత్రికి వెళ్లాడు" అని రాసిన ఒక్క పంక్తి, యాభై ఏళ్ల తరువాత ఒక ముసలివాడి మాట నిజమని నిలబెట్టింది.

జాన్సన్ విషయంలోనూ అటువంటి పంక్తి ఒకటి మిగిలింది. అతని కోసం పోరాడినవారు చాలామంది. వారిలో ముఖ్యుడు, జాన్సన్ తన తండ్రి అని నమ్మిన ఒక వృద్ధుడు. ఆయన కూడా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసినవాడే. ఆయనా, ఆల్బనీ పౌరులూ, మాజీ సైనికులూ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశారు. ఫలితంగా 1996లో, యుద్ధంలో గాయపడినవారికిచ్చే పర్పుల్ హార్ట్ జాన్సన్ పేరిట వచ్చింది. 2002లో రెండో అత్యున్నత శౌర్య పురస్కారం లభించింది. దిక్కులేని శవాల మధ్య పూడ్చారని అందరూ అనుకున్న జాన్సన్, ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక గౌరవాలతో ఖననమయ్యాడని ఆ రోజులలోనే తెలిసింది. తప్పు రాసిన కాగితాలే కాదు, ఎవరూ తెరిచి చూడని కాగితాలు కూడా మనిషిని దాచేస్తాయి.

అన్నిటికన్నా గొప్పదైన మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వడానికి మాత్రం పై అధికారుల సమకాలీన సాక్ష్యం చాలలేదన్నారు. చివరికి పాత పత్రాలలో అమెరికా సేనాధిపతి జనరల్ పెర్షింగ్ 1918 మే నెలలోనే పంపిన సందేశం దొరికింది. జాన్సన్ సాహసాన్ని అది స్పష్టంగా వివరించింది. 2014 డిసెంబరులో కాంగ్రెసు కాలపరిమితిని సడలించింది. 2015 జూన్ 2న అధ్యక్షుడు ఒబామా ఆ పతకాన్ని అందజేశారు. జాన్సన్ చనిపోయి అప్పటికి దాదాపు ఎనభై ఆరేళ్లయింది.

ఆ పతకాన్ని అందుకోవడానికి మాత్రం రక్తబంధువు ఎవరూ ముందుకు రాలేదు. వారసులెవరో తేల్చడానికి సైన్యం పాత దాఖలాలన్నీ పరిశీలించింది. కొడుకుననుకుని జీవితమంతా పోరాడిన ఆ వృద్ధుడికీ జాన్సన్‌కూ రక్తసంబంధం లేదని తేలింది. అప్పటికి ఆయన కూడా కాలం చేశాడు. న్యూయార్క్ నేషనల్ గార్డుకు చెందిన ఒక సైనికోద్యోగి ఆ పతకాన్ని అందుకున్నాడు. ఏ కాగితాల సత్యాన్ని నమ్మి ఆ కుటుంబం పోరాడిందో, ఆ సత్యమే వారి నుంచి ఒక తండ్రిని, ఒక తాతను తీసుకుపోయింది. ఇది బాధ కలిగించే మాటే. కాని మనకు నచ్చినప్పుడు మాత్రమే రికార్డు నిజం చెప్పాలని కోరితే, దానికి విలువ ఉండదు. ఆ వృద్ధుని శ్రమ మాత్రం వ్యర్థం కాలేదు. తండ్రి కాని మనిషికి ఆయన కొడుకు చెయ్యవలసిన పని చేశాడు.

2023లో లూసియానా రాష్ట్రంలోని ఒక సైనిక స్థావరానికి జాన్సన్ పేరు పెట్టారు. 2025లో దాన్ని మళ్లీ పోల్క్ అనే పేరుకు మార్చారు. పేరుపలకలు ఇట్లా వస్తుంటాయి, పోతుంటాయి. సరిచేసిన రికార్డు మాత్రం నిలిచే ఉంది.

సైనికుని కాగితం బరువేమిటో మన దేశంలోని సైనిక కుటుంబాలకూ తెలుసు. పశ్చిమగోదావరిలోని మాధవరం వంటి ఊళ్లకు ఈ అనుభవం కొత్త కాదు. మద్రాసు రెజిమెంటు రికార్డు కార్యాలయం నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో ఉంది. సైనికుని పెళ్లి, బిడ్డల పుట్టుక వంటివన్నీ పార్ట్ టూ ఆర్డరుగా రికార్డులోకెక్కాలి. ఇంటిపేరు ముందుండే తెలుగువారి పేరు ఒక కాగితంలో పూర్తిగా, ఇంకో కాగితంలో పొడి అక్షరంగా, వేరొక భాషలో మరో విధంగా పడితే, రేపు ఆ సైనికుని భార్య కుటుంబ పింఛను కోసం అడిగినప్పుడు ముగ్గురూ ఒక్కరేనని రుజువు చెయ్యవలసి వస్తుంది. తెలుగు నేలకు దూరంగా, వేరే లిపిలో పేరు రాయించుకుంటున్న కుటుంబాలకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

సాక్షి బతికి ఉండగా తప్పు దిద్దడం సులభం. తాతగారి డిశ్చార్జి పుస్తకం ఏ ట్రంకు పెట్టె అడుగునో ఉంటే, ఆయన ఉండగానే దాన్ని బయటికి తీసి, అందులోని పేరు, తేదీలు, పతకాలు ఆయన చేతనే చదివించి సరిచూడాలి. జాన్సన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పత్రాన్ని ఎవరైనా ఒక్కసారి చదివి ఉంటే, ఆ ఇరవైఒక్క గాయాల సంగతి ఆనాడే తేలిపోయేది.