పింగాణీ పలక, ఊరి నీళ్లు

ఉదయగిరి మెట్టపల్లెల్లో కొందరు ఆడపిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. చూసినవాళ్లు వినయమనుకుంటారు. వాళ్లు దాచుకునేది బోరునీటిలోని ఫ్లోరైడు పంటిమీద వేసిన గోధుమరంగు మచ్చను. మనదేశంలో ఈ వ్యాధి సంగతి శాస్త్రీయంగా మొదట వెల్లడయింది నెల్లూరు జిల్లా నుంచే; 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి దాన్ని ప్రకటించారు.

పెళ్లిచూపుల లోపల ఆ మచ్చలమీద వెనీర్లనే పింగాణీ పలకలు అతికించుకోవచ్చునా అని నా విద్యార్థిని ఒకామె అడిగింది. దీన్ని బూర్జువా వ్యామోహమని కొట్టిపారేసే మిత్రులు ఆమె స్థానంలో నిలబడి చూడాలి. అయితే డబ్బు కట్టేముందు ఆమె తెలుసుకోవలసినవి ఉన్నాయి. పలక కోసం పంటి ఎనామిల్‌ను సాధారణంగా అర మిల్లీమీటరు దాకా అరగదీస్తారు. అది మళ్లీ పెరగదు. పలకా శాశ్వతం కాదు. పది పదిహేనేళ్లకు మార్చవలసిరావచ్చు. అప్పటి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఫ్లోరైడు పట్టిన ఎనామిల్‌మీద అతుకు బలహీనం కావచ్చు. మచ్చ పైపైనే ఉంటే సన్నగా రుద్దితీసే చికిత్సతోనే తగ్గవచ్చు. డాక్టరును ముందు అది అడగాలి.

ఆమె తమ్ముడికి మూడేళ్లు. వాడి శాశ్వత దంతాలు ఇంకా దవడలో తయారవుతున్నాయి. మచ్చకు బీజం పడేది ఇప్పుడే. నీళ్లు కాచినా ఫ్లోరైడు పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో పరీక్ష చేయించమని పంచాయతీకి అర్జీ రాశాం. మొదటి సంతకం ఆమెదే.