గడప దాటే బండి

"నాకొద్దురా ఆ బండి. వీధిలో వాళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

78 ఏళ్ల ఆ పెద్దావిడ ఆ మాట అనడం అది ఎన్నోసారో! విజయవాడలోని ఆ ఇంట్లో నెల రోజులుగా ఇదే గొడవ. సంక్రాంతికి ముందు ఆవిడ బాత్రూంలో కాలు జారి పడింది. అదృష్టం బాగుండి ఎముక విరగలేదు. కానీ ఆ రోజు నుంచీ నడక మారిపోయింది. గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, తలుపు రెక్క పట్టుకుని నడుస్తోంది. పట్టుకోవడానికి ఏమీ లేని చోటికి వెళ్లడమే మానేసింది. మొదట గుడి ఆగిపోయింది. తర్వాత ఎదురింటి అరుగు మీద కబుర్లు ఆగిపోయాయి. ఏటా వేసవిలో రాజమండ్రిలోని చెల్లెలి దగ్గరికి వెళ్లేది. ఈసారి ఆ ఊసే ఎత్తలేదు.

కొడుకు ఊరుకోలేక ఒక వాకర్ తెచ్చాడు. నాలుగు కాళ్లది, చక్రాలు లేనిది. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా దాన్ని ఎత్తి ముందుకు పెట్టాలి. హాలు దాటేసరికి ఆవిడకి ఆయాసం వచ్చేది. వారం తిరిగేసరికి దాని మీద తువ్వాళ్లు ఆరేయడం మొదలుపెట్టారు.

సంగతి తెలిసి అమెరికాలో ఉన్న కూతురు ఇంకోటి పంపింది. నాలుగు పెద్ద చక్రాలు, బ్రేకులు, కూర్చోవడానికి సీటు. చూడ్డానికి ఎంతో బాగుంది. తీరా చూస్తే దాని వెడల్పు 26 అంగుళాలు, బాత్రూం తలుపు 24. ఆవిడ పడిందేమో బాత్రూంలో, బండి ఆగిందేమో బాత్రూం బయట! పైగా ఆటోలోకి ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

చివరికి ఫిజియోథెరపిస్టు ఒక మాట అంది. "మీరంతా కొని తెచ్చి ఇస్తున్నారు. ఆవిడ్ని తీసుకెళ్లి కొనండి. ముందు ఇంటి కొలతలు తీసుకోండి." బరువంతా వాకర్ మీదే మోపి నడిచేవాళ్లకి నాలుగు చక్రాలది మంచిది కాదనీ, అది ముందుకు జారిపోతుందనీ చెప్పింది. ఈవిడకి నిలదొక్కుకునే శక్తి ఉంది, అలసటే ఎక్కువ. కాబట్టి బ్రేకులున్న నాలుగు చక్రాలదే సరిపోతుందని తేల్చింది.

కోడలు కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీసింది. బాత్రూం తలుపు, మంచానికీ బీరువాకీ మధ్య సందు, కారు డిక్కీ, అన్నీ కొలిచి కాగితం మీద రాసింది. "జాకెట్టుకి కూడా ఇన్ని కొలతలు తీయలేదే!" అని పెద్దావిడ నవ్వింది. నెల రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

సూర్యారావుపేటలోని దుకాణంలో రోజూ వేసుకునే చెప్పులతోనే ఆవిడని నిటారుగా నిలబెట్టారు. చేతులు కిందికి వదిలేస్తే మణికట్టు దగ్గర గీత ఎక్కడికి వస్తుందో, పిడి అక్కడ ఉండాలి. అప్పుడు మోచెయ్యి కాస్త వంగుతుంది, నడుము వంగదు. మొదటి బండి బ్రేకు నొక్కడానికి ఆవిడ కీళ్లనొప్పుల వేళ్లు మొరాయించాయి. రెండోది తేలిగ్గా పలికింది. పైకి నొక్కితే వేగం తగ్గుతుంది, కిందికి నొక్కితే చక్రాలు కదలకుండా ఆగిపోతాయి. అలా ఆపాకే సీటు మీద కూర్చోవాలి. కూర్చున్న మనిషిని ఎవరూ తొయ్యకూడదు. ఇంట్లోకి చిన్న చక్రాలు చాలుగానీ, మన వీధుల గతుకులకి 8 అంగుళాలవి ఉంటే మేలు.

చివరికి ఆవిడ తనే ఒకటి ఎంచుకుంది. వెడల్పు 23 అంగుళాలు, బరువు ఏడు కిలోల లోపు. సీటు మధ్యలో ఉన్న పట్టీ పైకి లాగితే పక్కకి ముడుచుకుని తనంతట తనే నిలబడుతుంది. "మందులూ, మంచినీళ్ల సీసా పెట్టుకోవడానికి సంచీ ఉందా?" అని మాత్రం అడిగింది.

"దీన్ని కనిపెట్టింది స్వీడన్‌లో ఒకావిడ, నానమ్మా. పేరు ఐనా వీఫాల్క్. 1978లో. ఆవిడకి పోలియో" అన్నాడు దారిలో మనవడు.

"నడవడానికి ఇబ్బంది పడ్డ మనిషే చేసిందన్నమాట. కూర్చోవడానికి చోటు కూడా పెట్టిందంటే, మరి ఆవిడకి తెలుసు కదా" అందామె.

ఇక మిగిలింది వీధి గడప. కొట్టించేద్దామన్నాడు కొడుకు. ఆవిడ ఒప్పుకోలేదు. వడ్రంగి చేత రెండు వైపులా వాలుగా చెక్కలు చేయించారు. శుక్రవారం వాటిని పక్కకి తీసి గడపకి పసుపు రాస్తారు, మళ్లీ పెడతారు. బాత్రూం గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించారు. మొదటి రోజు గుడికి వెళ్లి వచ్చినప్పుడు వీధిలో వాళ్లు నిజంగానే చూశారు. "బాగున్నారా పిన్నిగారూ, చాలా రోజులైంది కనబడి" అన్నారు. అంతే!

వేసవిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్లు తీశారు. రైలు దగ్గర మనవడు ముందు ఎక్కి, మడిచిన బండి అందుకున్నాడు. ఆవిడ కమ్మీ పట్టుకుని మెల్లగా ఎక్కింది, వెనక కోడలు ఉంది. రాజమండ్రిలో దిగాక ప్లాట్‌ఫాం మీద రెండుసార్లు ఆగి, తన సీటు మీద తనే కూర్చుని సేద తీరింది.

గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి చెల్లెలు ఎదురుచూస్తోంది. అక్కని చూసింది, బండిని చూసింది. కాసేపటికి మెల్లగా అంది.

"అక్కా, ఒకసారి ఇటివ్వవే, నేనూ నడిచి చూస్తాను."

"ఇది నా కొలతలకి కొన్నదే. నీ ఎత్తు వేరు, నీ ఇల్లు వేరు" అంటూ పెద్దావిడ కోడలి వైపు తిరిగింది. "అమ్మాయ్, ఆ టేపు తెచ్చావా?"