స్కాన్ నార్మల్, పిల్లోడు మాత్రం కాదు

మన పత్రికలో ప్రతి ఏడూ పొంగల్ ఆటల ఫోటోలు వేస్తారు. కప్పు పట్టుకున్నవాళ్ళు, మెడలో దండలున్నవాళ్ళు, చూడ్డానికి బాగుంటాయి. అదే ఆటల్లో తలకి దెబ్బ తగిలి, ఫోటోకి నిలబడకుండా ఇంటికి పోయిన ఒక పిల్లోడి గురించి రాస్తాను. వాడు మా చెల్లెలి కొడుకు. ఇల్లు చోళపురంలోనే, చదివేది ప్లస్ టూ. పేరు మాత్రం వేయొద్దు మామా అన్నాడు.

కబడ్డీలో రైడ్‌కి పోయినప్పుడు ఇద్దరు పట్టి లాగితే వెల్లకిలా పడినాడు. తల నేలకి కొట్టుకుంది. స్పృహ తప్పలేదు. లేచి నిలబడినాడు గానీ స్కోరెంత అని మూడుసార్లు అడిగినాడంట. రాత్రి ఒకసారి వాంతి అయింది. ఆస్పత్రికి తీసుకుపోయి స్కాన్ తీయించినాము. రక్తం గడ్డ లేదు, ఎముక విరగలేదు, అంతా నార్మల్ అన్నారు. అందరం ఊపిరి పీల్చుకున్నాము.

వారం పోయింది, రెండు వారాలు పోయినాయి. పొద్దున లేస్తే తలనొప్పి. ట్యూబ్‌లైట్ వేస్తే కళ్ళు మూసుకుంటాడు. పుస్తకం తీస్తే రెండో లైన్‌కే అక్షరాలు కదులుతున్నాయి అంటాడు. బస్సెక్కితే తల తిరుగుడు. ఎప్పుడూ గొంతు పెంచనివాడు కుక్కర్ విజిల్ వేస్తే వాళ్ళమ్మ మీద అరిచేవాడు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఒకచోట చూపిస్తే, రిపోర్టులో ఏమీ లేదు, పరీక్ష భయం, నాటకం ఆడుతున్నాడు అని పంపించేసినారు. ఆ మాట ఇంట్లో పట్టుకుంది. మా బావ నైట్ షిఫ్ట్ దిగి వచ్చి, ‘చదువు ఎక్కకపోతే చెప్పమను, మిల్లులో మాట్లాడి చేర్పిస్తా’ అన్నాడు.

బావని నేను తప్పుపట్టను. మన ఇళ్ళలో నొప్పంటే కంటికి కనపడాలి. వేలు నలిగితే కట్టుంటుంది, జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది. ఈ నొప్పికి ఏ గుర్తూ లేదు.

చివరికి మదురైలో నరాల డాక్టరమ్మ దగ్గరికి పోయినాము. ఆమె వాణ్ణి అరగంట చూసింది. కళ్ళముందు వేలు ఆడించింది, ఒంటికాలి మీద నిలబెట్టింది, మెడ తిప్పించింది. దీన్ని కంకషన్ అంటారు, మెదడు లోపల కుదిపినట్టు అవుతుంది, స్కాన్‌లో రక్తం కారడమూ విరగడమూ కనపడతాయిగానీ మెదడు పని చేసే తీరు కనపడదు అని చెప్పింది. నాకు మా రింగ్ ఫ్రేమ్ గుర్తొచ్చింది. ఆపేసిన ఫ్రేమ్‌ని ఫోటో తీస్తే ఏ సామానూ విరగలేదని తెలుస్తుంది. నడిపినప్పుడు పోగులెందుకు తెగుతున్నాయో ఆ ఫోటో చెప్తుందా?

ఈ వయసు పిల్లల్లో చాలామంది నాలుగు వారాల లోపల కోలుకుంటారంట. కొందరికి నెలలు పడుతుంది. అట్లా సాగినప్పుడు కారణం ఒక్కటే ఉండదంది. మెడ పట్టేసి ఉండొచ్చు, చెవి లోపల నిలకడ చూసే భాగం తప్పి ఉండొచ్చు, రెండు కళ్ళూ కలిసి చూడలేకపోవచ్చు, నిద్ర చెడి ఉండొచ్చు. మావాడికి మెడ, కళ్ళు రెండూ. వాటికి ఫిజియోథెరపీలో వ్యాయామాలు నేర్పించినారు. మెడికల్ షాపులో కొని రోజూ వేసుకుంటున్న తలనొప్పి మాత్రని ఆమె ఆపించింది. రోజూ వేస్తే ఆ మాత్రే కొత్త తలనొప్పి తెస్తుందంట.

మా చెల్లెలు అప్పటికి పదిహేను రోజులుగా వాణ్ణి కిటికీలు మూసి చీకటి గదిలో పడుకోబెట్టింది. ప్రేమతోనే చేసింది. డాక్టరమ్మ మాత్రం, రెస్ట్ అనేది మొదటి ఒకటి రెండు రోజులకే, అప్పుడు ఫోనూ టీవీ తగ్గించాలి, ఆ తర్వాత పడుకోబెడితే పిల్లోడు ఇంకా నీరసపడతాడు అంది. నా కూతురు ఫోన్‌లో వెతికి చదివి చెప్పింది. 2015లో అమెరికాలో ఒక పరిశోధనలో, అయిదు రోజులు గట్టిగా రెస్ట్ తీసుకోమన్న పిల్లలకి, ఒకటి రెండు రోజులే తీసుకోమన్నవాళ్ళకన్నా బాధలు ఎక్కువ ఉన్నాయంట. 2019లో బఫెలో ఊరి డాక్టర్లు ఆటల్లో తల దెబ్బ తగిలిన 103 మంది పిల్లల్ని, 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళని, రెండు జట్లు చేసినారు. రోజూ కాసేపు మితంగా వ్యాయామం చేసినవాళ్ళు 13 రోజుల్లో, ఒళ్ళు సాగదీసే కసరత్తు మాత్రమే చేసినవాళ్ళు 17 రోజుల్లో తేరుకున్నారు. తేడా నాలుగు రోజులే, కానీ మందు లేదు, ఖర్చు లేదు.

అట్లా నడక నా వంతుకి వచ్చింది. నైట్ షిఫ్ట్ దిగి, ఒక టీ తాగి, వాణ్ణి లేపుకుని చెరువుగట్టు మీదికి పోయేవాణ్ణి. బయల్దేరేముందు నొప్పికి పదిలో మార్కు వేయమంటాను. నడుస్తుంటే ఆ మార్కు ఒకటో రెండో పెరిగితే పర్వాలేదు, గంటలో తగ్గిపోవాలి. అంతకు మించితే ఆ రోజుకి ఆపి, మర్నాడు కొంచెం తగ్గించి నడవాలి. మొదటిరోజు పది నిమిషాలకే వాడి మార్కు మూడు నుంచి అయిదుకి పోయింది. డాఫింగ్ అయినాక ఫ్రేమ్‌ని ఒక్కసారిగా ఫుల్ స్పీడ్‌లో పెడితే పోగులు పటపటా తెగుతాయని మనకి తెలుసు కదా. నిదానంగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోతాము. వాడికి అదే చెప్పినాను. నీ వేదాంతం చాలు మామా అన్నాడు. నవ్వడం ఆ రోజే చూసినాను.

నాలుగో రోజో అయిదో రోజో గట్టు మీద కూర్చుని, ‘మామా, నేను నిజంగానే నాటకం ఆడుతున్నానేమోనని నాకే అనుమానంగా ఉంది’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నెల క్రితం రైడ్‌కి పోతే ఊరంతా ఈల వేసిన పిల్లోడు. తలకి తగిలిన దెబ్బకన్నా ఆ మాట లోపలికి దిగిందని అప్పుడు తెలిసింది. నాటకమైతే కబడ్డీ మానుకునేవాడివేనా అన్నాను. కాసేపటికి లేచి, పద, ఇంకొంచెం నడుద్దాం అన్నాడు.

బావని మార్చింది నేను కాదు, క్రికెట్. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో జోఫ్రా ఆర్చర్ వేసిన బంతి స్టీవ్ స్మిత్ మెడకి తగిలింది. లేచి మళ్ళీ వచ్చి బ్యాటింగ్ చేసినాడు. మర్నాటికి తలనొప్పి, మత్తు. మ్యాచ్‌లోంచి తీసేసి బదులుగా లబుషేన్‌ని దింపినారు. టెస్టుల్లో అట్లా బదులు ఆటగాణ్ణి దింపడం అదే మొదలు. 2020 డిసెంబర్‌లో కాన్‌బెర్రాలో మన జడేజా హెల్మెట్‌కి బంతి తగిలితే చాహల్ వచ్చినాడు. ఇవి వీడియోలో చూపించినాక బావ, ‘అంత డబ్బు తీసుకునేవాళ్ళనే కూర్చోబెడుతున్నారా’ అని, ఆ రోజునుంచి మిల్లు మాట ఎత్తలేదు.

స్కూల్లో క్లాస్ టీచర్‌ని కలిసి డాక్టరమ్మ చీటీ చూపించినాము. మొదట సగం పూట, తర్వాత పూర్తి. పీటీ పీరియడ్ వద్దు. ఇరవై నిమిషాలు చదివితే అయిదు నిమిషాలు తల ఎత్తి దూరంగా చూడాలి. టీచర్ ఒప్పుకున్నారు, వాణ్ణి లైటు సూటిగా పడని బెంచీకి కూడా మార్చినారు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. దెబ్బ తగిలినరోజు ఆటలో మళ్ళీ దింపకూడదు, ఎంత ఫైనల్ అయినా సరే. మళ్ళీ మళ్ళీ వాంతులైనా, తలనొప్పి పెరుగుతూ పోయినా, లేపితే లేవకపోయినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటిపాప పెద్దదైనా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు. బండి మీదినుంచి పడినవాళ్ళకీ ఇంతే. రోడ్డు ప్రమాదమైతే మొదటి 48 గంటల వైద్యానికి మన తమిళనాడు ప్రభుత్వమే ఒక పరిమితి దాకా డబ్బు కట్టే పథకం 2021 డిసెంబర్ నుంచి ఉంది.

మావాడు పరీక్షలు రాసినాడు. కెమిస్ట్రీ రోజు తలనొప్పితోనే రాసినాడు. వాడు అనుకున్నన్ని మార్కులు రాలేదు, కాలేజీలో సీటు మాత్రం వచ్చింది. ఇప్పుడు తలనొప్పి ఎప్పుడో ఒకసారి, రాత్రి ఎక్కువసేపు మేలుకుంటేనే. కబడ్డీకి డాక్టరమ్మ ఇంకా ఒప్పుకోలేదు. నడక పోయి పరుగయింది. నైట్ షిఫ్ట్ దిగినవాణ్ణి, నేను వాడితో పరిగెత్తలేక గట్టు మీద కూర్చుంటున్నాను. ఎవరింట్లోనైనా ఇట్లాంటి పిల్లలుంటే ఆ టైముకి అక్కడికి తీసుకురండి, మావాడే మాట్లాడతానన్నాడు.